తీసేసిన ప్లేటు, రాడ్డు, కృత్రిమ కీలుకు కల్చర్ చేయడం ఎలా?

విరిగిన ఎముకకు వేసిన ప్లేటు చుట్టూ చీము పట్టింది. లేదా రెండేళ్ల క్రితం మార్చిన మోకాలి కీలు వాచి వదులైంది. సర్జన్ దాన్ని తీసి కల్చర్‌కు, అంటే అందులోని బ్యాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు, మీ ల్యాబుకు పంపారు. చాలాచోట్ల ఆ తర్వాత జరిగేది ఒకటే. లోహం మీద స్వాబ్ (దూది చుట్టిన పుల్ల) రుద్ది, దాన్ని బ్లడ్ అగార్ (బ్యాక్టీరియా పెరగడానికి రక్తం కలిపి చేసిన గట్టి మాధ్యమం) మీద గీసి, 48 గంటలు కాగానే ‘పెరుగుదల లేదు’ అని రిపోర్టు ఇచ్చేస్తారు. రోగి కాలు మాత్రం చీము కారుతూనే ఉంటుంది.

నీళ్ల తొట్టి లోపలి గోడకు పట్టిన పాచిని గుర్తు చేసుకోండి. చెంబుతో ముంచి చూస్తే నీళ్లు తేటగానే ఉంటాయి. గోడను వేలితో తాకితే కాస్త జారుడు తగులుతుంది, అంతే. పీచు పెట్టి గట్టిగా రుద్దితేగానీ పాచి ఊడిరాదు. ఒంట్లో అమర్చిన ఇంప్లాంటు (ప్లేటు, రాడ్డు, కృత్రిమ కీలు) మీద బ్యాక్టీరియా కూడా ఇలాగే ఉంటుంది. లోహానికో ప్లాస్టిక్‌కో అతుక్కుని, చుట్టూ జిగురు పొర అల్లుకుని, అందులో నిదానంగా బతుకుతుంది. దీన్నే బయోఫిల్మ్ అంటాం. స్వాబ్‌కు అంటేది దానిలో ఏ కొంచెమో మాత్రమే. ఆ పొరను ఊడగొట్టాలి, ఊడినదాన్ని బతికుండగా పట్టుకోవాలి, పట్టుకున్నది రోగి ఎముక దగ్గర నుంచి వచ్చిందా, మన చేతుల మీద నుంచి వచ్చిందా అన్నది తేల్చాలి. మన పనంతా ఈ మూడే.

ఊడగొట్టడానికి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పద్ధతి సోనికేషన్. అంటే ఇంప్లాంటును ద్రవంలో ఉంచి అల్ట్రాసౌండ్ తరంగాలతో కదిలించడం. 2007లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం తుంటి, మోకాలి కృత్రిమ కీళ్లు తీసిన 331 మంది మీద చేసిన అధ్యయనం దీనికి పునాది. ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో కీలు చుట్టూ ఉన్న కణజాలపు కల్చర్ 60.8 శాతం మందిలో దాన్ని పట్టుకుంటే, ఇంప్లాంటును సోనికేట్ చేసిన ద్రవం 78.5 శాతం మందిలో పట్టుకుంది. ఆపరేషన్‌కు ముందు 14 రోజుల్లోపు యాంటీబయాటిక్ వాడినవారిలో తేడా ఇంకా పెద్దది: కణజాలానికి 45 శాతం, సోనికేషన్‌కు 75 శాతం. మనకు కావలసింది ఈ రెండో లెక్కే. మన దగ్గరకు వచ్చే రోగుల్లో అప్పటికే రెండు మూడు రకాల యాంటీబయాటిక్‌లు మింగకుండా వచ్చేవారు అరుదు.

థియేటర్‌తోనే మొదలుపెట్టండి

ఈ పరీక్ష చెడిపోయేది చాలావరకు ల్యాబులో కాదు, ఇంప్లాంటు ల్యాబుకు చేరకముందే. ఒకసారి మాకు తొడ ఎముక రాడ్డు ఒకటి వచ్చింది. తళతళ మెరుస్తోంది. రక్తం మరక కూడా లేదు. ఫోను చేసి అడిగితే, “శుభ్రంగా కడిగి స్పిరిట్‌తో తుడిచి పంపాం సార్” అని థియేటర్ సిస్టర్ ఎంతో మర్యాదగా చెప్పారు. ఆమె తప్పేమీ లేదు. మురికిగా ఉన్న వస్తువును ల్యాబుకు పంపకూడదనుకున్నారు. ఎలా పంపాలో అంతకు ముందు మేమెవరమూ చెప్పలేదు. ఆ రాడ్డు నుంచి ఏమీ పెరగలేదు, పెరగదు కూడా.

అందుకే ఆపరేషన్‌కు ముందు రోజే సర్జన్‌తోనూ, థియేటర్ సిస్టర్‌తోనూ మాట్లాడండి. ఇంప్లాంటును కడగకూడదు, తుడవకూడదు, బెటాడిన్‌లో తడిపిన గాజ్ గుడ్డలో చుట్టకూడదు, ఫార్మలిన్‌లో అసలే వేయకూడదు. బయాప్సీకి ఫార్మలిన్ సీసా, కల్చర్‌కు ఖాళీ స్టెరైల్ సీసా. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే పొరపాటు జరుగుతుంది. మూతల రంగులు వేరుగా ఉండేలా చూడండి, కల్చర్ సీసా మీద ‘ఫార్మలిన్ వద్దు’ అని పెద్ద అక్షరాలతో తెలుగులోనే రాయండి. థియేటర్‌లో సీసా మూత తీసేవారికి ఏ భాష కంటికి ముందు ఆనుతుందో ఆ భాషలోనే హెచ్చరిక ఉండాలి.

సీసాలు మీరే పంపండి. వెడల్పు మూతి, గట్టి గోడలు, ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) తట్టుకునే పాలీప్రొపిలీన్ డబ్బాలు కావాలి. మోకాలి, తుంటి కీళ్లకు లీటరు డబ్బా, స్క్రూలకు చిన్నది చాలు. మూత బిగిసేలా, చుక్క కారకుండా ఉండాలి. మొదట్లో కొందరు ప్లాస్టిక్ సంచులు వాడారు. ఇంప్లాంటు అంచులకు సంచి చిల్లుపడి సోనికేటర్ తొట్టి నీళ్లు లోపలికి చేరడంతో లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కనిపించింది. సంచుల జోలికి పోవద్దు.

ఇంప్లాంటు ఒక్కదానినే పంపితే సగం సమాచారమే చేతికి వస్తుంది. దాని చుట్టూ ఉన్న కణజాలం నుంచి 5 ముక్కలు, వేర్వేరు చోట్ల నుంచి, వేర్వేరు సీసాల్లో రావాలి. ప్రతి ముక్కకూ కొత్త ఫోర్సెప్స్, కొత్త బ్లేడు వాడాలి. ఒకే ఫోర్సెప్స్‌తో అయిదూ తీస్తే అది అయిదుసార్లు తీసిన ఒకే నమూనా అవుతుంది. చర్మం మీది సూక్ష్మజీవి ఒకటి అంటుకుంటే అయిదింటిలోనూ అదే పెరిగి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కీలులో ద్రవం ఉంటే దాన్ని కూడా సిరంజితో తీసి, కొంత నేరుగా బ్లడ్ కల్చర్ సీసాలో వేయమనండి. పుండు రంధ్రం నుంచి తీసిన స్వాబ్‌ను మాత్రం ఒప్పుకోకండి. అందులో పెరిగేది చర్మం మీదిదే కావచ్చు, లోపల ఉన్నది కాకపోవచ్చు.

యాంటీబయాటిక్‌ల విషయంలో నిర్ణయం సర్జన్‌దే. రోగి పరిస్థితి అనుమతిస్తే ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఆపగలరా అని అడగండి. జ్వరంతో, రక్తంలో ఇన్ఫెక్షన్‌తో ఉన్న మనిషికి కల్చర్ కోసం మందు ఆపమనడం తప్పు. ఏ మందు, ఎప్పటివరకు వాడారన్నది మాత్రం అభ్యర్థన ఫారంలో తప్పక రాయించుకోండి. పశువులు, మేకలు, గొర్రెలు పెంచే ఇంటివారా అన్న ప్రశ్న కూడా ఆ ఫారంలో చేర్చండి. ఎందుకో తర్వాత చెబుతాను.

సోనికేటర్‌ను సిద్ధం చేసుకోవడం

కావలసింది తొట్టి రకం సోనికేటర్. సుమారు 40 కిలోహెర్ట్జ్ వద్ద పనిచేసేది సరిపోతుంది. కడ్డీ నేరుగా ద్రవంలో ముంచే ప్రోబ్ రకం వద్దు. అది కణాలను పగలగొట్టడానికి చేసిన యంత్రం, మీ బ్యాక్టీరియాను చంపేస్తుంది. తొట్టిలో నీళ్లు పోసి, డబ్బా పెట్టకముందే కొన్ని నిమిషాలు ఖాళీగా నడపండి. నీటిలో కరిగి ఉన్న గాలి బుడగలు పోతే తరంగాలు బాగా అందుతాయి. నీటి మట్టం డబ్బాలోని ద్రవం మట్టం కంటే పైనే ఉండాలి. యంత్రం వరుసగా నడిస్తే నీళ్లు వేడెక్కుతాయి. వేడి నీటిలో గ్రామ్ నెగటివ్‌లు (గ్రామ్ స్టెయిన్ అనే రంగు పరీక్షలో ఎర్రగా కనిపించే బ్యాక్టీరియా) త్వరగా చచ్చిపోతాయి. ఎండాకాలంలో అయితే ఒక్కో నమూనాకు నీళ్లు మార్చడం మంచిది.

యంత్రం ఆన్ అయి గొణుగుతోంది కదా అని పనిచేస్తోందనుకోకండి. వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ముక్కను నిలువుగా నీళ్లలో కొద్దిసేపు పట్టుకుని తీయండి. దాని నిండా సూది పొడిచినట్టు గుంటలు, చిల్లులు పడాలి. ఒకవైపే పడితే ఆ వైపు మాత్రమే తరంగాలు అందుతున్నాయని అర్థం. నెలకోసారి ఈ పరీక్ష చేసి, ఆ ఫాయిల్‌ను తేదీ వేసి రిజిస్టరులో అతికించండి. మాటలకంటే ఆ ముక్కే మంచి రికార్డు.

పొర ఊడగొట్టడం

నమూనా థియేటర్ నుంచి 6 గంటలలోపు మీ చేతిలో పడాలి. పేరు, నంబరు, ఏ వైపు, ఏ భాగం అన్నవి సరిచూసుకున్నాక పని మొదలుపెట్టండి. డబ్బా మూత తెరిచే ప్రతి సందర్భమూ బయోసేఫ్టీ క్యాబినెట్‌ (గాలిని వడగట్టే రక్షణ పెట్టె) లోనే జరగాలి.

డబ్బాలో స్టెరైల్ రింగర్ ద్రావణం (లవణాలు కలిపిన నీరు) పోయండి. మోకాలి, తుంటి కీళ్లకు మేయో పద్ధతిలో 400 మి.లీ. వాడారు. చిన్న ప్లేటుకో నాలుగు స్క్రూలకో అంత పోస్తే ఉన్న నాలుగు బ్యాక్టీరియాలు చెరువులో కలిసినట్టే. ఇంప్లాంటు దాదాపుగా మునిగితే చాలు. ఎన్ని మి.లీ. పోశారో వెంటనే రాయండి. చివర్లో లెక్క తేలేది ఆ అంకె మీదే.

మూత బిగించి 30 సెకన్లు వోర్టెక్స్ చేయండి, అంటే యంత్రం మీద గిర్రున కుదపండి. తొట్టిలో 5 నిమిషాలు సోనికేట్ చేయండి. మళ్లీ 30 సెకన్లు వోర్టెక్స్. ఇంకా బాగా ఊడుతుందని 10 నిమిషాలకు పెంచకండి, ఊడినవి చస్తాయి. డబ్బాను తొట్టి నుంచి తీశాక బయట అంతా తుడిచి, ఆ తర్వాతే క్యాబినెట్‌లో మూత తెరవండి. తొట్టి నీళ్లలో ఏమున్నాయో మీకు తెలియదు.

కీలు మధ్యలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ఉంటే సోనికేషన్ వల్ల ఆ మందు కూడా ద్రవంలోకి దిగుతుంది. పెరుగుదల లేనప్పుడు ఈ విషయాన్ని రిపోర్టులో రాయాలి. సోనికేటర్ లేని ల్యాబులు వోర్టెక్స్ ఒక్కటే చేయవచ్చు. రాబడి తక్కువే అయినా స్వాబ్ కంటే నయం.

ప్రతిసారీ ఒక కంట్రోల్ పెట్టండి. ఖాళీ స్టెరైల్ డబ్బాలో అదే సీసా రింగర్ పోసి, అదే తొట్టిలో, అదే మనిషి చేతుల మీదుగా నడిపించండి. అందులో ఏదైనా పెరిగిన రోజు మిగతా ఫలితాలన్నింటినీ అనుమానించాలి. ఖర్చు అని కొందరు దీన్ని మానేస్తారు. ఒక మనిషికి అనవసరంగా రెండో ఆపరేషన్ చేయించడం కంటే రెండు ప్లేట్ల అగార్ ఖరీదైనదేమీ కాదు.

అగార్ ప్లేట్ల మీదకు

సోనికేట్ ద్రవం నుంచి 0.1 మి.లీ. చొప్పున తీసి షీప్ బ్లడ్ అగార్ మీద, చాక్లెట్ అగార్ మీద పరచండి. ఇంకో బ్లడ్ అగార్‌ను వాయురహిత జార్‌లో పెట్టండి. గ్రామ్ నెగటివ్‌ల కోసం మెకాంకీ అగార్ ఒకటి. మిగిలిన ద్రవంలో 10 మి.లీ. చొప్పున ఒక ఏరోబిక్ (గాలి ఉండే), ఒక అనేరోబిక్ (గాలి లేని) బ్లడ్ కల్చర్ సీసాలో వేయగలిగితే చాలా మంచిది. ఆ వసతి లేకపోతే రాబర్ట్‌సన్ కుక్డ్ మీట్ మాధ్యమంలో వేయండి. 50 మి.లీ. ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున దిగినదాన్ని అర మి.లీ.లో కలిపి గ్రామ్ స్టెయిన్, జీల్-నీల్సన్ (క్షయ జాతి అయిన మైకోబ్యాక్టీరియాకు పట్టే రంగు) స్లైడ్లు చేసుకోండి. మైకోబ్యాక్టీరియా, ఫంగస్ కల్చర్లకూ ఇదే పనికొస్తుంది.

కణజాలపు ముక్కలను కత్తెరతో కోసి ఊరుకోకుండా, స్టెరైల్ గాజు పూసలు, బ్రాత్ (బ్యాక్టీరియా పెరిగే ద్రవ మాధ్యమం) ఉన్న సీసాలో వేసి వోర్టెక్స్ చేయండి. ముక్క మెత్తబడి లోపలివి బయటకు వస్తాయి. అయిదు ముక్కలను అయిదుగా నడపండి. పని తగ్గుతుందని కలిపేశారంటే వాటిని విడిగా తీసుకున్న సర్జన్ శ్రమంతా వృథా.

14 రోజులు

సాధారణ స్టాఫైలోకాకస్‌లు, గ్రామ్ నెగటివ్‌లు రెండు మూడు రోజుల్లోనే కనిపిస్తాయి. వెంటనే సర్జన్‌కు ఫోను చేయండి, ప్లేట్లు మాత్రం పారేయకండి. ఒకటి పెరిగింది కాబట్టి రెండోది లేదని కాదు. క్యుటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనేది ఉంది. 2016 వరకు దాని పేరు ప్రొపియోనిబ్యాక్టీరియం ఆక్నెస్. భుజం ఇంప్లాంట్లలో తరచు చూస్తాం. అది తొందరపడదు. తొమ్మిదో రోజునో పదకొండో రోజునో బ్రాత్ కాస్త మసకబారుతుంది. అయిదో రోజున తలుపు మూసేస్తే దాన్ని ఎప్పటికీ చూడరు. వాయురహిత ప్లేట్లు, బ్రాత్‌లు 14 రోజులు ఉంచండి. చివరి రోజు బ్రాత్ తేటగా కనిపించినా దాని నుంచి ఒకసారి సబ్‌కల్చర్ చేయండి, అంటే కొంచెం తీసి కొత్త ప్లేటు మీద పెంచండి.

రెండు వారాల్లో ప్లేట్లు ఎండిపోయి పగుళ్లిస్తాయి. అగార్ కాస్త మందంగా పోయండి, ఇంక్యుబేటర్ అడుగున నీళ్ల గిన్నె ఉంచండి. కరెంటు పోయినప్పుడు ఇంక్యుబేటర్ జనరేటర్ లైన్ మీదే ఉందా అన్నది ఒకసారి స్వయంగా చూసుకోండి.

ప్లేట్లను రోజూ చూడండి, అయితే కేవలం కళ్లతో కాదు, వెలుతురుకు వాలుగా పట్టుకుని, భూతద్దంతో. సూదిమొన అంత ఉన్న, రంగులేని, రక్తాన్ని కరిగించని కాలనీలు (బ్యాక్టీరియా పెరిగిన చుక్కలు) కనిపిస్తే కంటామినెంట్ (బయటి నుంచి అంటిన సూక్ష్మజీవి) అని తోసేయకండి. స్టాఫైలోకాకస్ ఆరియస్‌కే చిన్న కాలనీల రూపం ఒకటి ఉంది. ఇంప్లాంటు మీద ఏళ్ల తరబడి నక్కి ఉండేది అదే. ఆరియస్‌ను గుర్తించే కోయాగ్యులేస్ పరీక్షను 4 గంటలకే ముగించకుండా 24 గంటల వరకు చూస్తేగానీ అది బయటపడకపోవచ్చు.

మూడు నుంచి ఏడు రోజుల మధ్య పొడిగా, గరుకుగా కాలనీలు వచ్చి, గ్రామ్ స్టెయిన్‌లో పూసలు గుచ్చినట్టున్న కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా కనిపిస్తే ‘డిఫ్థిరాయిడ్స్’ (చర్మం మీద మామూలుగా ఉండే రకం) అని కలం పెట్టకముందు జీల్-నీల్సన్ చేయండి. ఫార్చుయిటమ్, కెలోనీ, అబ్సెసస్ లాంటి త్వరగా పెరిగే మైకోబ్యాక్టీరియాలు ఇలాగే కనిపిస్తాయి. వీటికి రోజువారీ యాంటీబయాటిక్‌లు చాలావరకు పనిచేయవు, మామూలు క్షయ మందులూ అంతే. ఈ ఒక్క స్లైడు వేయనందుకు రోగి నెలల తరబడి తప్పుడు మందు మింగుతాడు.

ఫారంలో పశువుల గురించి అడగమన్నది, వాటి నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా కోసం. మెల్లగా పెరిగే, మసకగా రంగు పట్టే, ఇసుక రేణువుల్లాంటి గ్రామ్ నెగటివ్ కోకోబాసిల్లై (పొట్టి కడ్డీలు) కనిపించి, ఆక్సిడేస్, కాటలేస్ రెండూ పాజిటివ్ అయితే ప్లేటుకు టేపు వేసి క్యాబినెట్‌లోకి మార్చండి. బెంచీ మీద తెరవకండి, వాసన చూడకండి. ల్యాబు సిబ్బందికి తేలిగ్గా సోకే వాటిలో ఇది ముందుంటుంది. మీ పక్కన పనిచేసే అమ్మాయికో అబ్బాయికో కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

లెక్క, తీర్పు

ఒక మోకాలి కీలును ఉదాహరణగా తీసుకుందాం. 400 మి.లీ. రింగర్ పోశారు. 0.1 మి.లీ. పరచిన ప్లేటు మీద 12 కాలనీలు, అన్నీ ఒకే రకం, స్టాఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్. పదితో గుణిస్తే మి.లీ.కు 120. యూరోపియన్ బోన్ అండ్ జాయింట్ ఇన్ఫెక్షన్ సొసైటీ 2021 నిర్వచనం ప్రకారం కృత్రిమ కీలు సోనికేట్‌లో మి.లీ.కు 50 కంటే ఎక్కువ ఉంటే ఇన్ఫెక్షన్ నిర్ధారణ అయినట్టే. ఒకటి దాటి 50 వరకు ఉంటే ఉండవచ్చునని అర్థం. సెంట్రిఫ్యూజ్ చేసి చిక్కబరిచిన ద్రవాన్ని పరచి ఉంటే ఈ 50 చెల్లదు, 200 చూసుకోవాలి. అయిదు కణజాల ముక్కల్లో మూడింటిలో అదే ఎపిడెర్మిడిస్, అదే సెన్సిటివిటీతో (ఏ మందుకు లొంగుతుందన్న ఫలితంతో) వస్తే ఇక సందేహం అక్కరలేదు. చర్మం మీది సూక్ష్మజీవి కదా అని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఇంప్లాంట్లను ఎక్కువగా పాడుచేసేవాటిలో అదొకటి.

ఇప్పుడు ఇంకో రోగి. సోనికేట్ ప్లేటు మీద ఏమీ లేదు. అయిదు ముక్కల్లో ఒకదాని బ్రాత్ మాత్రం 12వ రోజు మసకబారి, అందులో ఆక్నెస్ వచ్చింది. ఇది కంటామినెంట్ అయ్యే అవకాశమే ఎక్కువ. అయినా దాచకండి. ఎన్నింటిలో ఒకటి, ఎన్నో రోజున, బ్రాత్‌లోనా ప్లేటు మీదా అన్నది రాసి సర్జన్‌తో మాట్లాడండి. ఎక్స్‌రే, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష), బయాప్సీ ఆయన దగ్గర ఉన్నాయి.

ఎముకకు వేసే ప్లేట్లు, రాడ్లకు ఈ అంకెలను యథాతథంగా అంటించకండి. విరిగిన ఎముక చుట్టూ వచ్చే ఇన్ఫెక్షన్‌కు, లోతు నుంచి తీసిన కనీసం రెండు వేర్వేరు నమూనాల్లో ఒకే సూక్ష్మజీవి రావడం నిర్ధారణ. ఇంప్లాంటు నుంచి వచ్చిన ద్రవం వాటిలో ఒకటి కావచ్చు.

సెన్సిటివిటీ, రిపోర్టు

స్టాఫైలోకాకస్‌కు మెథిసిలిన్ నిరోధకత చూడటానికి 30 మైక్రోగ్రాముల సెఫాక్సిటిన్ డిస్క్ (మందు అద్దిన కాగితపు బిళ్ల) పెట్టండి. వాంకోమైసిన్‌ను డిస్క్‌తో చూసి రాయకండి, ఎంఐసీ (పెరుగుదలను ఆపే కనీస మందు మోతాదు కొలత) చేయాలి. కొలిస్టిన్‌కు కూడా డిస్క్ పనికిరాదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ కావాలి. రిఫాంపిసిన్ ఫలితం ఇచ్చేటప్పుడు ‘ఒంటరిగా వాడరాదు’ అన్న మాట చేర్చండి. బయోఫిల్మ్ లోపలి స్టాఫైలోకాకస్ మీద బాగా పనిచేసే మందు అది, ఒక్కదాన్నే ఇస్తే కొద్ది రోజుల్లోనే నిరోధకత వచ్చి చేజారిపోతుంది. రెండు రకాల కాలనీలు కనిపిస్తే రెండింటికీ విడివిడిగా సెన్సిటివిటీ చేయండి.

రిపోర్టు మూడు విడతలుగా వెళ్లాలి: 48 గంటలకు, అయిదో రోజు, 14వ రోజు. ఏమీ పెరగకపోయినా ఒట్టిగా ‘పెరుగుదల లేదు’ అని వదిలేయకండి. ఎన్ని నమూనాలు, ఎన్ని రోజులు ఉంచారు, ఏయే మాధ్యమాలు, ముందు యాంటీబయాటిక్ వాడారా, ఇంప్లాంటు కడిగి వచ్చిందా అన్నది రాస్తే చదివే డాక్టరుకు ఆ ‘లేదు’ను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. పెరిగిన ప్రతి ఐసొలేట్‌ను (విడదీసిన సూక్ష్మజీవిని) గ్లిసరాల్ బ్రాత్‌లో డీప్ ఫ్రీజర్‌లో దాచండి. ఏడాది తర్వాత అదే రోగి అదే కాలుతో తిరిగి వస్తే, పాతదే మిగిలిందా కొత్తది చేరిందా అన్నది దాన్ని పక్కన పెట్టి చూస్తేనే తేలుతుంది.

ఇక ఆ లోహం. 14 రోజులు పూర్తయి తుది రిపోర్టు వెళ్లేదాకా దాన్ని పారేయకండి. ఆ తర్వాత కల్చర్ ప్లేట్లు, బ్రాత్‌లు ముందు ల్యాబులోనే ఆటోక్లేవ్ అయ్యి పసుపు సంచిలోకి వెళ్లాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం లోహపు ఇంప్లాంట్లు నీలి గుర్తున్న, చిల్లుపడని పెట్టెలోకి వెళ్లాలి. మన దగ్గర చాలామంది రోగులు ‘నా కాలులోని రాడ్డు నాకివ్వండి’ అని అడుగుతారు. ఏళ్ల తరబడి ఒంట్లో మోసిన వస్తువు మరి. థియేటర్ నుంచే నేరుగా వారి చేతికి వెళ్లిపోతే కల్చర్‌కు ఏమీ మిగలదు. కాబట్టి ముందు ల్యాబుకే రావాలని ఆపరేషన్‌కు ముందే వారికీ, ఇంటివారికీ నచ్చజెప్పమని వార్డు సిస్టర్‌ను అడగండి.